సాతానుకూ ఒక హద్దుంది

దెయ్యం అనగానే మనకి గుర్తొచ్చేది ఊరి చివర మర్రిచెట్టూ, పాదాలు వెనక్కి తిరిగిన ఆడమనిషీ. తెల్లవాళ్ల బొమ్మల పుస్తకాల్లో దెయ్యం వేరే రకం. మగవాడు. నెత్తిమీద రెండు కొమ్ములు, వెనకాల పొడుగాటి తోక, చేతిలో పంగలకర్ర. ఇంగ్లీషు సినిమాల పుణ్యమా అని ఈ సాతానుగారు మనకీ పరిచయస్తుడే. ఆ సినిమాలు చూసి బయటికొచ్చేవాళ్లకి ఒక అభిప్రాయం మిగిలిపోతుంది. అటు దేవుడు, ఇటు సాతాను, ఇద్దరూ సమ ఉజ్జీలు, ఈ లోకమనే గోదాలో కుస్తీ పడుతున్నారు, చివరికి ఎవరు గెలుస్తారో చెప్పలేం అని.

క్రైస్తవ మతం మాత్రం ఈ మాట ఒప్పుకోదు. దేవుడికి పోటీగా రెండో దేవుడెవరూ లేరని దాని సిద్ధాంతం. సాతాను కూడా దేవుడు చేసిన దూతే, మంచివాడుగానే పుట్టాడు, తన బుద్ధి వల్ల తానే చెడిపోయాడు అంటుంది. లోకంలో మంచి ఒకరు పుట్టించారు, చెడు ఇంకొకరు పుట్టించారు అనే వాళ్లు ఆ రోజుల్లో యూరప్‌లో ఉండేవారు. వాళ్లకి జవాబుగా 1215లో రోములో, లాటరన్ చర్చిలో జరిగిన మతాచార్యుల మహాసభ ఈ సంగతిని రాతలో పెట్టేసింది కూడా.

మన పురాణాలతో పోల్చి చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. హిరణ్యకశిపుడు తపస్సు చేశాడు, వరం సంపాదించాడు. ఇచ్చిన వరాన్ని ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు గనక, అందులో సందు వెతుక్కుని నరసింహావతారం ఎత్తాల్సి వచ్చింది. సాతానుకి ఇలాంటి వరాలేం లేవండీ. అతనికి ఉన్నవల్లా అనుమతులు. ప్రతిసారీ అడగాలి. "ఇంతవరకే" అని చెప్పించుకుని బయల్దేరాలి.

ఈ "ఇంతవరకే" అన్న మాట మీద పండితులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నారు. కేవలం పండితుల గొడవే అయితే ఈ పేజీలో రాయాల్సిన పని లేదు. కాని సాతానుకి ఎంతవరకు చేతనవుతుంది అన్న ప్రశ్నకి చెప్పిన జవాబుని బట్టి వేలమంది ఆడవాళ్ల ప్రాణాలు పోయాయి. అదే ప్రశ్నకి ఇంకో జవాబు దొరికినప్పుడు కొందరి ప్రాణాలు నిలబడ్డాయి. అందుకని రాస్తున్నాను.

ముందుగా యోబు కథ చెప్పాలి. మిషను స్కూల్లో చదువుకున్నవాళ్లకి ఇది గుర్తుండే ఉంటుంది. ఊజు దేశంలో యోబు అనే పుణ్యాత్ముడుండేవాడు. ఏడువేల గొర్రెలు, మూడువేల ఒంటెలు, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ఒకనాడు దేవుడి కొలువులోకి సాతాను వచ్చాడు. యోబు భక్తి వట్టి లాభాపేక్ష, ఇచ్చినవన్నీ లాక్కుంటే ఆ భక్తి ఎంతసేపు నిలుస్తుందో చూడమని సవాలు చేశాడు. దేవుడు సరేనన్నాడు. అతని ఆస్తి మీద నీకు అధికారం ఉంది, ఒంటిమీద మాత్రం చెయ్యి వెయ్యకు అన్నాడు. ఆస్తి పోయింది. పిల్లలు పోయారు. యోబు చలించలేదు. సాతాను మళ్లీ వచ్చాడు. ఈసారి హద్దు కాస్త జరిగింది. ఒంటిమీద చెయ్యి వెయ్యి, ప్రాణం మాత్రం తియ్యకు అన్నాడు దేవుడు. యోబుకి అరికాలి నుంచి నడినెత్తి దాకా పుళ్లు లేచాయి. పాపం, బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కున్నాడు.

ఈ కథలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి. మొదటిది, "సాతాను" అన్న హీబ్రూ మాటకి అర్థం. ఎదిరించేవాడు, నేరం మోపేవాడు అని. కోర్టులో మన మీద ఫిర్యాదు చేసేవాడి లాంటివాడు. రెండోది, యోబుని పలకరించడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల సంగతి. ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచాక మాత్రం తలో రకంగానూ ఒకటే మాట. నువ్వేదో పాపం చేసి ఉంటావయ్యా, లేకపోతే దేవుడు నీకు ఇలా జరగనిస్తాడా అని. పుస్తకం చివర దేవుడు వాళ్ల మీద కోప్పడతాడు, నా గురించి మీరు పలికినది సరైనది కాదు పొమ్మంటాడు. మంచివాళ్ల జోలికి సాతాను రాలేడు అనే హద్దు ఎక్కడా లేదని ఆ కథ చెబుతోందన్నమాట.

కొత్త నిబంధనలోనూ ఇదే వరస. మార్కు సువార్తలో ఒక పిచ్చివాణ్ణి పట్టిన దయ్యాల గుంపు, ఎదురుగా ఉన్న పందుల్లోకి వెళ్లడానికి కూడా ఏసు దగ్గర సెలవు పుచ్చుకోవాల్సి వచ్చింది. ఆఖరికి పందిని పట్టడానికి కూడా పర్మిషన్ కావాలి! పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే మహాపండితుడు ఈ హద్దులన్నిటినీ లెక్కగా రాసిపెట్టాడు. సాతాను దేన్నీ శూన్యం నుంచి సృష్టించలేడు. నిజమైన అద్భుతం చెయ్యలేడు, కనికట్టు చెయ్యగలడు. మనిషి మనసులోని మాట నేరుగా చదవలేడు, బయటి వాలకం చూసి ఊహించగలడంతే. మనిషి చేత బలవంతంగా పాపం చేయించలేడు, ఆశపెట్టగలడు. మొత్తానికి అతని చేతిలో ఉన్న అసలైన పనిముట్టు మోసం.

ఇంత చక్కగా గీత గీసిపెట్టుకున్న మతంలో మంత్రగత్తెలన్న పేరుతో ఆడవాళ్లని చంపడం ఎలా మొదలైందీ అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. పాతకాలం వాళ్లు మూఢులు, తర్వాతివాళ్లు తెలివైనవాళ్లు అని మనం అనుకుంటాం కదా, ఇక్కడ కథ తిరగబడింది.

క్రీ.శ. 906 ప్రాంతంలో జర్మనీలో ఒక మఠాధిపతి బిషప్పుల కోసం చర్చి నియమాలు పోగుచేసి ఒక పుస్తకం తయారుచేశాడు. అందులో ఒక నియమం చాలా ముచ్చటైనది. కొందరు ఆడవాళ్లు, రాత్రిపూట డయానా అనే దేవతతో కలిసి జంతువుల మీదెక్కి ఆకాశాన ఊరేగుతున్నామని చెబుతారు. అదంతా సాతాను వాళ్ల బుర్రల్లో కల్పించే కలే తప్ప నిజం కాదు, అలాంటివి నిజమని నమ్మడమే తప్పు అని ప్రజలకి బోధించండి అని ఆ నియమం. మంత్రగత్తెలు ఎగురుతారని నమ్మడం మంచి క్రైస్తవుల లక్షణం కాదని పదో శతాబ్దపు చర్చి చెప్పింది!

అయిదారు వందల ఏళ్లు గడిచేసరికి గాలి మారింది. మంత్రగత్తెలు నిజంగానే గుంపులు కడుతున్నారని, సాతానుతో ఒప్పందాలు రాసుకుంటున్నారని చదువుకున్నవాళ్లే రాయడం మొదలుపెట్టారు. ఆ పుస్తకాల్లో బాగా పేరుపడింది 1486-87లో అచ్చయిన "మాలియస్ మాలెఫికారుం". మంత్రగత్తెల పాలిటి సుత్తి అని ఆ పేరుకి అర్థం. రాసింది హైన్రిచ్ క్రామర్ అనే సన్యాసి. దేవుడి అనుమతి లేనిదే సాతాను ఏమీ చెయ్యలేడు అని ఈయనా మాటమాటకీ రాశాడు సుమండీ! హద్దు కాగితం మీద అలాగే ఉంది. కాని దేవుడు ఈమధ్య అనుమతులు ధారాళంగా ఇచ్చేస్తున్నాడని ఈయన తేల్చాడు. ఆ అనుమతి అందుకునేది ఎక్కువగా ఆడవాళ్లేనని కూడా తేల్చాడు. దానికి రుజువు ఏమిటనుకున్నారు? లాటిన్‌లో స్త్రీని "ఫెమినా" అంటారు. "ఫె" అంటే విశ్వాసమట, "మినా" అంటే తక్కువట. కాబట్టి ఆడది అంటే విశ్వాసం తక్కువది! ఆ వ్యుత్పత్తి శుద్ధ తప్పని భాషాశాస్త్రం తెలిసినవాళ్లు చెబుతారు. తప్పుడు వ్యాకరణం కూడా మనుషుల్ని చంపగలదని అప్పుడే తెలిసింది కాబోలు. పదిహేనో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరప్‌లో ఈ నేరం కింద చంపబడ్డవాళ్లు 40 వేల నుంచి 50 వేలదాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో నూటికి డెబ్బై అయిదు మంది, ఇంకా పైనే, ఆడవాళ్లు.

కాదన్నవాళ్లు లేకపోలేదు. 1563లో యోహాన్ వేయర్ అనే వైద్యుడు ఒక పుస్తకం రాశాడు. సాతాను శక్తిమంతుడే, మోసగాడే, కాబట్టే దిక్కులేని ముసలమ్మలతో అతనికి పనేమిటి, వాళ్ల మనసు బాగులేక ఏదో మాట్లాడుతుంటే వాళ్లకి కావలసింది వైద్యం, మంట కాదు అని. స్పెయిన్‌లో ఇంకో ఆశ్చర్యం జరిగింది. అక్కడి మతన్యాయస్థానం పేరు చెబితే జనానికి హడలు. ఆ న్యాయస్థానంలోనే అలోన్సో దె సలజార్ అనే ఆయన న్యాయాధికారి. 1611లో బాస్కు పల్లెలన్నీ తిరిగి సుమారు 1,800 మంది ఒప్పుకోళ్లు రాసుకున్నాడు. వాళ్లలో 1,384 మంది పిల్లలు! అందరివీ ఒకదాంతో ఒకటి సరిచూశాడు, మందులూ లేపనాలూ అన్నవాటిని పరీక్ష చేయించాడు. ఆ మందుల్లో ఏమీ లేదు. చివరికి ఆయన తేల్చిన సంగతి ఇది. ఈ విషయం మాట్లాడ్డం, రాయడం మొదలుపెట్టేదాకా ఆ ప్రాంతంలో మంత్రగత్తెలే లేరు! 1614లో పైవాళ్లు ఆయన మాట విన్నారు. అక్కడితో ఆ ఊళ్లలో ఆ పిచ్చి సద్దుమణిగింది.

ఇక అసలు కథకి వస్తాను. ఇది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం అనే చోట జరిగింది. చీరలకీ, మామిడిపళ్లకీ పేరుపడ్డ మన తమిళ సేలం కాదు. ఈ సేలం పేరు బైబిలు నుంచి తెచ్చి పెట్టుకున్నది. శాంతి అని అర్థం. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన ప్యూరిటన్లు అక్కడ స్థిరపడ్డారు. నిష్ఠాపరులు, ఆటపాటలకి దూరం, ప్రతి చిన్నదానికీ బైబిలు చూసుకునే మనుషులు.

1692 జనవరిలో సేలం పల్లెలో పాస్టరు శామ్యూల్ పారిస్ గారింట్లో ఇద్దరు ఆడపిల్లలకి జబ్బు చేసింది. ఒకతె ఆయన కూతురు, తొమ్మిదేళ్లది. ఇంకొకతె వాళ్లింట్లోనే ఉంటున్న బంధువుల పిల్ల, పదకొండేళ్లది. వంకర్లు తిరిగిపోవడం, కేకలు వెయ్యడం, ఎవరో గిచ్చుతున్నారనడం. డాక్టరుకి అంతుపట్టలేదు, ఇది ఏదో చెడుశక్తి పని అన్నాడు. ఎవరు చేస్తున్నారు, ఎవరు చేస్తున్నారు అని పెద్దవాళ్లు గుచ్చిగుచ్చి అడిగారు. పిల్లలు పేర్లు చెప్పారు. మొదటి మూడు పేర్లూ ఎవరివో చూడండి. ఆ ఇంట్లో బానిసగా ఉన్న టిటూబా, ఇంటింటికీ తిరిగి అడుక్కునే సేరా గుడ్, చర్చికి రావడం మానేసిన సేరా ఆస్బర్న్. ఊళ్లో ఎవరికీ అక్కర్లేని ఆడవాళ్లు.

అక్కణ్ణుంచి అంటుకున్న నిప్పు ఎవర్నీ వదల్లేదు. ఇంకా పిల్లలు మూర్ఛలు పోయారు, ఇంకా పేర్లు బయటికొచ్చాయి. ఏడాది తిరక్కుండా నూటయాభై మందికి పైగా జైళ్లలో పడ్డారు. సేరా గుడ్ కూతురు డోరతీకి నాలుగైదేళ్లుంటాయేమో. ఆ పసిదాన్ని కూడా మంత్రగత్తె అని జైల్లో వేసి గొలుసులు తగిలించారు. జైల్లో తిండి ఖర్చూ, ఆ గొలుసుల ఖర్చూ కూడా ఖైదీలే కట్టుకోవాలి. విడుదలైనా సరే, బాకీ తీరేదాకా బయటికి పంపరు.

ఇంతమందిని ఏ సాక్ష్యంతో పట్టుకున్నారు? ఇక్కడే మన ప్రశ్న మళ్లీ వస్తుంది. కోర్టులో పిల్లలు ఇలా చెప్పేవారు. ఈమె రూపం రాత్రి నా మంచం దగ్గరికి వచ్చింది, గొంతు నులిమింది అని. ఆ రాత్రి ఆవిడ తన ఇంట్లో నిద్రపోతూ ఉండవచ్చు. పక్కన మొగుడూ పిల్లలూ ఉండవచ్చు. లాభం లేదు. వచ్చింది ఆవిడ కాదు కదా, ఆవిడ రూపం! ఆ రూపం వేసుకొచ్చింది సాతాను. దీనికి ఛాయాసాక్ష్యం అని పేరు పెట్టుకుందాం. ఇలాంటి సాక్ష్యానికి ఎదురు సాక్ష్యం ఎవరు తేగలరు చెప్పండి?

ఒకే ఒక్క చిక్కు మిగిలింది. సాతాను ఆవిడకి తెలియకుండా ఆవిడ రూపం వేసుకొచ్చి ఉండవచ్చుగా? నిర్దోషి వేషం అతను వెయ్యగలడా, లేడా? వేస్తానంటే దేవుడు అనుమతిస్తాడా? వెయ్యలేడు అంటే, ఎవరి రూపం కనిపించిందో వాళ్లు సాతానుతో కుమ్మక్కయినట్టే, ఉరి తియ్యవచ్చు. వెయ్యగలడు అంటే ఆ సాక్ష్యం దేనికీ పనికిరాదు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ వెయ్యలేడు అనే పక్షం. దేవుడు న్యాయవంతుడు, అమాయకుల పేరు చెడగొట్టడానికి సాతానుకి ఎందుకు సెలవిస్తాడు అని. ఎంత భక్తిగా ఉందో చూశారూ ఆ మాట! సాతానుకి హద్దు గీస్తున్నట్టే ఉంది, దేవుణ్ణి పొగుడుతున్నట్టే ఉంది. ఆ మాట మీదే ఉరికొయ్యలు లేచాయి.

మే 2న సుజానా మార్టిన్ అనే వితంతువుని విచారణకి తీసుకొచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆవిణ్ణి చూడగానే పిల్లలు కిందపడి గిలగిల్లాడారు. ఆవిడ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావంటే, ఇలాంటి వెర్రి చూస్తే నవ్వు రాదా అన్నట్టు జవాబు చెప్పింది. మరి నీ రూపం వీళ్లని ఎందుకు బాధిస్తోంది అని అడిగారు. అప్పుడావిడ బైబిలు ఎత్తింది. మహాపురుషుడైన సమూయేలు రూపంలో రాగలిగినవాడికి ఇంకెవరి రూపంలో రావడమైనా కష్టమా అని అడిగింది.

ఆవిడ చెప్పింది పాత నిబంధనలోని కథ. సౌలు రాజు యుద్ధానికి ముందు భయపడి, ఏన్దోరులో ఉన్న ఒక సోదెకత్తె దగ్గరికి మారువేషంలో వెళ్లి, చనిపోయిన సమూయేలు ప్రవక్తని రప్పించమంటాడు. వచ్చింది సమూయేలు కాదు, ఆయన రూపంలో వచ్చిన సాతానే అని ప్యూరిటన్ల పండితులే బోధించేవారు. అంత పుణ్యాత్ముడి రూపం వెయ్యనిచ్చిన దేవుడు, అమెస్‌బరీ ఊరి ముసలమ్మ రూపం వెయ్యనివ్వడా? ఎదురుగా కూర్చున్న న్యాయాధికారుల దగ్గర దీనికి జవాబు లేదు. జులై 19న ఆవిణ్ణి ఉరితీశారు.

అదే రోజు ఉరితీసిన అయిదుగురూ ఆడవాళ్లే. వాళ్లలో రెబెకా నర్స్ వయసు 71. ఊరంతా గౌరవించే ఇల్లాలు. ఆవిడ మంచిదని సుమారు నలభైమంది ఇరుగుపొరుగువాళ్లు ధైర్యం చేసి సంతకాలు పెట్టారు. జ్యూరీ కూడా నిర్దోషి అంది. అనగానే పిల్లలు కోర్టు దద్దరిల్లేలా కేకలు పెట్టారు. విచారణలో ఆవిడ అన్న ఒక ముక్క గురించి మళ్లీ ఆలోచించమని స్టౌటన్ జ్యూరీకి సూచించాడు. ఇంకో ఖైదీని సాక్ష్యానికి తెచ్చినప్పుడు, ఆవిడ మాలో మనిషే కదా అందట. నాతోపాటు జైల్లో ఉన్న మనిషి అని ఆవిడ ఉద్దేశం. మంత్రగత్తెల గుంపు అని వీళ్లు అర్థం చేసుకున్నారు. ఇంకోసారి వివరం అడిగితే, చెవుడు వల్ల పాపం ఆవిడకి ప్రశ్న వినపడలేదు. జవాబు రాలేదు గనక దోషి అని తీర్పు మార్చేశారు.

నేరం ఒప్పుకుంటే మాత్రం ప్రాణం దక్కేది. ఒప్పుకుని ఇంకో నలుగురి పేర్లు చెప్పినవాళ్లని కోర్టు సాక్షులుగా వాడుకునేది. ఒప్పుకోని వాళ్లకే ఉరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటామే, అక్షరాలా అదే. ఒప్పుకుంటే దేవుడి ముందు అబద్ధం, ఒప్పుకోకపోతే మెడకి తాడు. యాభైమందికి పైగా ఒప్పుకున్నారు. వాళ్లని తప్పుపట్టే హక్కు మనకి లేదనిపిస్తుంది నాకు.

మంత్రగాళ్లు ఏసు నేర్పిన ప్రార్థనని తప్పులేకుండా చెప్పలేరని ఆ జనం నమ్మకం. సాతానుకి అదొక హద్దన్నమాట. ఆగస్టు 19న జార్జి బరోస్ అనే పాస్టరు, ఆయన ఆ ఊళ్లో ఒకప్పుడు పనిచేసినవాడే, ఉరికొయ్య మీద నిలబడి ఆ ప్రార్థన మొదలునుంచి చివరిదాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాడు. జనంలో కలకలం రేగింది. కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పుడు గుర్రమ్మీద ఉన్న కాటన్ మాథర్ అనే యువ పాస్టరు కల్పించుకుని, సాతాను దేవదూత వేషం కూడా వెయ్యగలడు సుమా అని జనాన్ని సర్దిచెప్పాడట. చూశారా మరి! నిర్దోషి ముసలమ్మ వేషం వెయ్యలేని సాతాను దేవదూత వేషం మాత్రం వెయ్యగలడు. ఉరి వెయ్యడానికి ఏ హద్దు పనికొస్తే ఆ హద్దు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ దేవుడు గీసిన గీతని మనుషులు తమ అవసరం కొద్దీ ముందుకీ వెనక్కీ జరుపుకున్నారు.

సెప్టెంబరు 22 వచ్చేసరికి ఉరిపడ్డవాళ్లు 19 మంది. పధ్నాలుగురు ఆడవాళ్లు, అయిదుగురు మగవాళ్లు. ఇంకొకాయన గైల్స్ కోరీ. విచారణకి ఒప్పుకోనన్నందుకు ఆ ముసలాయన మీద బండరాళ్లు పేర్చి చంపారు. అయిదుగురైనా జైల్లోనే కన్నుమూశారు. చివరి రోజు ఉరిపడ్డవాళ్లలో రెబెకా చెల్లెలు మేరీ ఈస్టీ ఉంది. ఆవిడ చావుకి ముందు న్యాయమూర్తులకి అర్జీ పెట్టుకుంది. నా ప్రాణం కోసం అడగడం లేదు, నేను చావాల్సిందేనని తెలుసు, ఇకమీదట నిర్దోషుల రక్తం చిందకుండా చూడండి అని. ఊరికే ఏడవలేదు, ఉపాయం కూడా చెప్పింది. ఆ పిల్లల్ని విడివిడిగా ఉంచి ప్రశ్నించండి అంది. అంత చిన్న సంగతి అంతమంది చదువుకున్న మగవాళ్లకి తట్టలేదు మరి.

అక్టోబరు 3న గాలి తిరిగింది. కాటన్ మాథర్ తండ్రి ఇంక్రీస్ మాథర్ బోస్టన్‌లో పేరున్న మతాచార్యుడు, హార్వర్డ్ కాలేజీ అధిపతి. ఆయన ఒక గ్రంథం రాసి తోటి పాస్టర్లకి వినిపించాడు. సాతాను నిర్దోషి రూపంలో, ఆఖరికి పుణ్యాత్ముల రూపంలో కూడా కనిపించగలడు, కాబట్టి ఛాయాసాక్ష్యం మీద ఎవర్నీ చంపకూడదు అన్నాడు. పదిమంది అనుమానితులు తప్పించుకుపోయినా ఫరవాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు అన్నాడు. పధ్నాలుగు మంది పాస్టర్లు దానికి సంతకాలు పెట్టారు. ఆయన బైబిలు నుంచి చూపించిన రుజువుల్లో ముందుగా వచ్చేది ఏమిటనుకున్నారు? ఏన్దోరు సోదెకత్తె కథ!

సరిగ్గా అయిదు నెలల ముందు, పుస్తకాలేవీ రాయని సుజానా మార్టిన్ నిలబడి చెప్పిన మాటే అది. అదే అధ్యాయం, అదే వాదన. ముసలమ్మ చెబితే అది పొగరు, ఆచార్యుడు చెబితే అది శాస్త్రం. ఈ రెండింటికీ మధ్య 19 మంది వెళ్లిపోయారు.

అక్టోబరు నెలాఖరుకి గవర్నరు విలియం ఫిప్స్ ఆ కోర్టుని ఎత్తేశాడు. అప్పటికి ఆయన భార్య పేరు కూడా వినిపించడం మొదలైందంటారు, అదీ ఒక కారణమేమో. 1693 జనవరిలో కొత్త కోర్టు కూర్చుంది. ఛాయాసాక్ష్యం చెల్లదన్నారు. అంతే, కేసులన్నీ మంచులా కరిగిపోయాయి. ముగ్గురికి మాత్రం శిక్ష పడింది, వాళ్లకీ గవర్నరు ఉరి ఆపేశాడు.

తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. 1697 జనవరి 14న శామ్యూల్ సివాల్ అనే న్యాయమూర్తి తన చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, ఆ నింద నాదేనని చీటీ చదివించుకున్నాడు. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు క్షమాపణ రాసిచ్చారు. స్టౌటన్ మాత్రం చివరిదాకా తప్పు ఒప్పుకోలేదు. మూర్ఛలు పోయిన పిల్లల్లో ముఖ్యురాలు ఆన్ పట్నం. అప్పుడు పన్నెండేళ్లది. 1706లో, పెద్దదయ్యాక, ఆ పిల్ల కూడా చర్చిలో క్షమాపణ చెప్పుకుంది. ఆ రోజుల్లో సాతాను నన్ను మోసం చేశాడు అని రాయించుకుంది. ఆలోచిస్తే అక్వినాస్ లెక్క ప్రకారం ఆ మాట సరిగ్గానే ఉంది. సాతానుకి చేతనైన పని మోసమే కదా. సేలంలో అతను మంచం దగ్గరికి వచ్చి ఎవరి గొంతూ నులమలేదు. నేరం మోపేవాడు అని అతని పేరుకి అర్థమని ఇందాక చెప్పాను. ఆ కోర్టుహాల్లో ఆ పని చేసిందెవరో, దాన్ని నమ్మిందెవరో వెతికితే సరిపోయేది.

పసిది డోరతీ బతికింది. కాని 1710లో ఆ పిల్ల తండ్రి నష్టపరిహారం కోసం అర్జీ పెట్టుకుంటూ, జైలునుంచి వచ్చిన దగ్గర్నుంచీ దానికి బుద్ధి నిలవడం లేదని, తనని తాను చూసుకోలేకపోతోందని రాశాడు. ఆ కుటుంబానికి ముప్ఫై పౌన్లు ఇచ్చారు.

ఆ ముగ్గురిలో ఎలిజబెత్ జాన్సన్ అనే అమ్మాయి పేరు మాత్రం ఎవరి లెక్కలోకీ రాక, దోషుల జాబితాలోనే ఉండిపోయింది. మొన్న మొన్న, 2022 జులైలో, మసాచుసెట్స్ శాసనసభ ఆవిడ నిర్దోషి అని చట్టం చేసింది. పట్టుబట్టి అడిగించింది ఎవరో కాదు, ఒక స్కూల్లో ఎనిమిదో క్లాసు చదివే పిల్లలూ వాళ్ల టీచరమ్మానూ. 1692లో పిల్లల మాట విని వేసిన మచ్చని, మూడు వందల ముప్ఫై ఏళ్ల తర్వాత పిల్లలే తుడిచారు.

ఇది ఎక్కడిదో పాత కథ, మనకెందుకు అనుకోకండి. చేతబడి చేసిందన్న అనుమానంతో ఊరంతా కలిసి ఎవరో ఒక ఒంటరి ముసలిదాన్ని కొట్టి చంపిన వార్త, మన తెలుగు పత్రికల్లో కూడా అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంది. మతం వేరు, దెయ్యం పేరు వేరు. పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా, గేదె పాలివ్వకపోయినా ముందు అందరి చూపూ వెళ్లేది ఆవిడ గుమ్మం వైపే.

యోబు స్నేహితులు మంచివాళ్లే. ఏడు రోజులు నోరు విప్పకుండా అతని పక్కన కూర్చున్నారు. కష్టంలో ఉన్న మనిషిని చూసి, నువ్వేదో చేసి ఉంటావు అని అనడంతోనే చెడ్డారు. సాతానుకి దేవుడు ఎక్కడ గీత గీశాడో కచ్చితంగా నాకు తెలుసు అని అనుకున్నారు వాళ్లు. స్టౌటనూ అలాగే అనుకున్నాడు. సుజానా మార్టిన్ అలా అనుకోలేదు. ఈ పిల్లలకి ఏం జబ్బో చెప్పమని అడిగితే, నాకు తెలియదు, తీర్పు చెప్పడం నా పని కాదు అంది. ఆ విచారణ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. అంతమంది మాట్లాడిన ఆ హాల్లో తెలియదు అని చెప్పడానికి సిగ్గుపడనిది ఆ ముసలావిడే.